చల్లని యింటికి దగిన వ్యయమెంత?

ఖమ్మమునుండి వైరా, తల్లాడల మీదుగ సత్తుపల్లికి బోవు దారిలోనున్న కల్లూరునందును, దాని చుట్టుపట్ల గ్రామములందును పెంకుటిండ్లు నానాటికి దగ్గిపోయి వాని తావుల శ్లాబు మిద్దెలు లేచుచున్నవి. సాగరు ఎడమ కాలువ నీరు వచ్చిన పిమ్మట వరియు, మిరపయు, ప్రత్తియు రైతు చేతికి గొంత సొమ్ము నిచ్చినవి. ఆ సొమ్ములో జాలభాగము ఇంటిమీదనే పడినది. ఇందు దప్పు పట్టవలసినదేమియు లేదు. కోతులు పెంకులు దీసి పారవేయుచుండగ, ఏటేట పెంకు సర్దు పనివాడు దొరకకుండగ, దూలములకు జెదలు పట్టుచుండగ, ఎవడు మాత్రము పెంకుటింటిని పట్టుకొని వ్రేలాడును? కాని యా యింటితోబాటు తాను విడిచిపెట్టినదేమో గృహస్థున కిపుడిపుడే తెలియవచ్చుచున్నది.

పెంకు తొందరగ వేడెక్కును, తొందరగ జల్లారును. పెంకుల సందులనుండి వేడిగాలి పైకి బోవును. క్రింద అటక యుండెనేని మనుజుని తలకును కప్పునకును నడుమ గాలిపొర యొకటి నిలుచును. శ్లాబు గుణము వేరు. నాలుగైదంగుళముల కాంక్రీటు పగలెల్ల నెండను ద్రాగి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట దానిని లోపలికి గ్రక్కుట మొదలిడును. రాత్రి పదిగంటలకు శ్లాబు క్రింద బండుకొని చూచినవారికి ఈ మాట వేరుగ జెప్పనక్కరలేదు. నివాసగృహములకై కేంద్ర ప్రభుత్వమువారు 2018 లో వెలువరించిన ఎకో నివాస్ సంహిత, కప్పుద్వారా చొరబడదగిన వేడికి ఒక హద్దు నేర్పరచినది. ఏ పూతయు, ఏ గచ్చును లేని వట్టి శ్లాబు ఆ హద్దునకు సుమారు మూడింతల వేడిని లోనికి బంపును. కొత్తగూడెము, భద్రాచలముల వేసవి సంగతి రాష్ట్రమంతట దెలిసినదే. అక్కడ వేడి 45 డిగ్రీలను దాటిన దినములలో కల్లూరున మాత్రము వెన్నెల గాయదు.

ఇట్టి యింటిలోని గృహస్థుడు మొదట ఫ్యానును, పిదప కూలరును, ఆ పిదప ఏ.సీ. యంత్రమును దెచ్చిపెట్టుకొనుచున్నాడు. మే నెల బిల్లు వచ్చిన నాడు అతని గుండె గుభేలుమనును. సరిగ ఆ సమయమున వాకిట వర్తకులు ప్రత్యక్షమగుదురు. ఒకరు మిద్దెమీద సౌరఫలకములు పెట్టించుకొమ్మందురు. ఒకరు చల్లని పూత వేయించుకొమ్మందురు. ఒకరు పాత యంత్రమును దీసివేసి ఐదు నక్షత్రముల యంత్రమును గొనుమందురు. పట్టణములనుండి వచ్చినవారు రెండద్దముల కిటికీలనుగూడ వర్ణించుచున్నారు. అందరును జెప్పునది యొక్కటే: కొన్ని యేండ్లలో సొమ్ము తిరిగి వచ్చును, ఆ తరువాత నంతయు లాభమే. మిరపకు ధర పలికిన యేడు చేతిలోని పైకముతోను, పలుకని యేడు ఇంటివారి బంగారము కుదువబెట్టియు గృహస్థులు ఈ మాటలను నమ్ముచున్నారు. కొందరికి మేలు గలిగినది. కొందరికి వడ్డీ మిగిలినది. ఈ వస్తువులలో జెడ్డది యేదియు లేదు. ఒకే వస్తువు ఒక యింట లాభమై, ప్రక్క యింట దండుగ యగుట యేల యన్నదే విచారింపవలసిన విషయము. దీనికి మూలము రెండు కాగితములలో నున్నది. ఒకటి కరెంటు బిల్లు. రెండవది అప్పు పత్రము.

మొదట బిల్లును జూతము. గృహములకు విద్యుత్తు ఒకే ధరకు రాదు. మెట్లు మెట్లుగ వచ్చును. తెలంగాణములో 2022 ఏప్రిలునుండి అమలునకు వచ్చిన రేట్ల ప్రకారము, నెలకు 100 యూనిట్లు మించని యింట మొదటి 50 యూనిట్లకు యూనిట్టు 1 రూపాయి 95 పైసలు, తక్కినవానికి 3 రూపాయల 10 పైసలు. 100 దాటి 200 లోపల వాడు నింట మొదటి నూటికి 3.40, తరువాతి నూటికి 4.80. ఇక 200 దాటిన యింట మొదటి యూనిట్టునుండియే లెక్క మారిపోయి, తొలి 200 లకు 5.10, మూడవ నూటికి 7.70, నాలుగవ నూటికి 9 రూపాయలు, ఆపై 9.50, 800 దాటిన 10 రూపాయలు. స్థిర రుసుములు మొదలగు చిల్లర పద్దులను విడిచి లెక్కించినచో 200 యూనిట్ల బిల్లు 820 రూపాయలు. 201 యూనిట్ల బిల్లు 1,027 రూపాయల 70 పైసలు. ఆ యొక్క యూనిట్టు వెల 207 రూపాయలు! మన గృహస్థులలో నెందరు ఈ సంగతి నెరుగుదురు? ధాన్యము తూకమున తరుగు దీసిన కిలో కొరకు గంటసేపు వాదించు పెద్దమనుష్యుడు, తన బిల్లు ఏ మెట్టున నిలిచెనో చూడకయే సొమ్ము కట్టి వచ్చుచున్నాడు.

దీనిమీద మఱియొక మెట్టు 2024 మార్చిలో వచ్చినది. గృహజ్యోతి పథకమున, ఆహారభద్రత కార్డు గల కుటుంబము నెలకు 200 యూనిట్లు మించకుండ వాడినచో బిల్లు సున్న. మించినచో మొత్తము బిల్లును గట్టవలసినదే.

ఇపుడు కల్లూరున నొక నడితరగతి యింటిని దలచుకొందము. రెండు గదులు, వసారా, మూడు ఫ్యానులు, ఒక ఫ్రిజ్జు, టీవీ, నీటి మోటారు, వేసవిలో గూలరు. ఏప్రిలులో 230 యూనిట్లు కాలినవి. కార్డు గల యిల్లైనను, లేని యిల్లైనను బిల్లు 1,251 రూపాయలు. ఆ యింటివాడు ఎక్కువగ దిరుగు రెండు ఫ్యానులను మార్చి, సుమారు 30 వాట్లతో దిరుగు బీఎల్‌డీసీ ఫ్యానులను బెట్టెననుకొందము. పాత ఫ్యాను 75 వాట్లు తినును. దినమునకు 16 గంటలు తిరిగినచో ఒక్కొక్క ఫ్యానుకు నెలకు 21 యూనిట్లకు పైగ మిగులును, రెంటికి 43. వాడకము 187 యూనిట్లకు దిగును. కార్డు లేని యింట బిల్లు 758 రూపాయలై, నెలకు సుమారు 490 మిగులును. కార్డు గల యింట బిల్లు సున్నయై, 1,251 రూపాయలును మిగులును. ఫ్యాను వెల మూడువేలు చొప్పున నారువేలు పెట్టినవాడు, మొదటి యింట పదుమూడు వేసవి నెలలు కాకమునుపే, రెండవ యింట ఐదు నెలలకే తన సొమ్ము దాను రాబట్టుకొనును. మిద్దెమీద లక్షలు పోయుమని చెప్పువాడు ఈ యారువేల మాట సాధారణముగ నెత్తడు. దీనిలో వానికి దక్కునది తక్కువ.

అయినను ఆ ఫ్యానే మఱియొక యింట జూడుడు. నెలకు 90 యూనిట్లు వాడు ముదుసలి దంపతుల యిల్లు, కార్డు లేదనుకొందము. మిగులు యూనిట్టు విలువ 3 రూపాయల 10 పైసలు. ఫ్యాను నెలకు మిగుల్చునది 67 రూపాయలు. మూడువేలు తిరిగి వచ్చుటకు తిరుగు నెలలే నలువదియైదు కావలెను. కార్డు గలదేని మిగులునది అణా పైసలలోగూడ లేదు. బిల్లు ముందే సున్న గదా! అట్టివాడు పాత ఫ్యాను కాలిపోవువఱకు దానితోనే గడుపుకొనుట వివేకము. దేశమునకు విద్యుత్తు ఆదా చేయుమని వానికి నీతులు చెప్పువారు, ఆ యాదా సొమ్ము ఎవరి పెట్టెలో బడునో మొదట విచారింపవలెను. ఈ మాటకు మఱల వత్తుము.

సౌరఫలకముల సంగతి యింకను పెద్దది. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున కిలోవాట్టుకు 30,000 రూపాయల వంతున రెండు కిలోవాట్లవఱకు, మూడవ కిలోవాట్టుకు 18,000, మొత్తము 78,000 రూపాయలకు మించకుండ కేంద్ర ప్రభుత్వము సాయము చేయుచున్నది. కిలోవాట్టు ఫలకము మన యెండలో దినమునకు సగటున నాలుగు యూనిట్లనిచ్చును. మూడు కిలోవాట్లకు నెలకు 360. వెల సుమారు రెండు లక్షలనుకొన్నచో, సాయము పోను గృహస్థుని మీద బడునది 1,22,000 రూపాయలు.

ఏడాది పొడవున నెలకు 400 యూనిట్లు వాడు యింట, బిల్లు 2,690 రూపాయలుండును. ఫలకములు పెట్టిన పిమ్మట 40 యూనిట్లకు 78 రూపాయలు. నెలకు 2,600 పైచిలుకు మిగులు. చేతి సొమ్ముతో బెట్టినవానికి నాలుగేండ్లలో వెల తిరిగి వచ్చును. ఫలకములు ఇరువదియైదేండ్లు నిలుచునవి. ఇంతకు మించిన బేరము భూమిమీద గూడ నరుదు. బ్యాంకులో నూటికి ఏడాదికి ఏడు రూపాయల వడ్డీకి దెచ్చినను మొదట నెలకు వడ్డీ 712 రూపాయలే. కాని మన గ్రామములలో వడ్డీని ఏడాదికి లెక్కింపరు, నెలకు లెక్కింతురు. నూటికి రెండు రూపాయల వడ్డీకి దెచ్చెనేని నెలవడ్డీయే 2,440. సూర్యుడు సంపాదించినదంతయు షావుకారు పద్దులో జమయగును. అసలు అట్లే యుండును. ఫలకములు అవే, ఎండ అదే, ఇల్లు అదే. లాభనష్టములను దేల్చినది వడ్డీ.

అదియునుగాక, ఏడాది పొడవున నెలకు 400 యూనిట్లు వాడు నిండ్లు కల్లూరున నెన్ని? మే నెలలో 400 కాల్చిన యింట డిసెంబరులో 150 యైనను గాలదు. వర్తకుడు మే బిల్లును జేతబట్టుకొని లెక్క చెప్పును. గృహస్థుడు పండ్రెండు నెలల బిల్లులను ముందు పఱచి లెక్క చూడవలెను. సగటున 180 యూనిట్లు వాడు నింటి బిల్లు 724 రూపాయలు. రెండు కిలోవాట్ల ఫలకములు పెట్టి దానినంతయు దుడిచివేసినను, సాయము పోను డెబ్బదివేల రూపాయలు తిరిగి వచ్చుటకు ఎనిమిదేండ్లు పట్టును. నూటికి రెండు వడ్డీకైనచో వడ్డీయే నెలకు 1,400, అనగా మిగులునకు రెండింతలు. కార్డు గలిగి 200 లోపలనుండు నింటివానికి ఫలకములతో బనియే లేదు. కోతులు పెంకులనుండి ఫలకముల మీదికి మారినవన్న మాటను మేము వేరుగ లెక్కలో గట్టుట లేదు.

అంచనాలకును అనుభవమునకును గల దూరమునుగూర్చి ఇతర దేశముల చరిత్ర మనకు గొంత పాఠము చెప్పుచున్నది. ఇంగ్లండులో 2013 జనవరిలో గ్రీన్ డీల్ అను పథకము నారంభించిరి. ఇండ్ల గోడలకును గప్పులకును వెచ్చదనము నిలుపు పనులు చేయించి, ఆ యప్పును కరెంటు బిల్లులోనే తీర్చుకొనునట్లు ఏర్పాటు చేసిరి. దానికొక బంగారు నియమమును బెట్టిరి: నెలవారీ తీర్పు మొత్తము నెలవారీ యాదాను మించరాదు. నియమము మిక్కిలి న్యాయమైనదే. కాని వడ్డీ యెక్కువయై, ఆదా లెక్క కాగితముమీదిదై, జనులు ముందుకు రాక, 2015 జూలైలో ప్రభుత్వమే దానికి సొమ్ము నిలిపివేసెను. అమెరికాలోని మిషిగను రాష్ట్రమున బీద కుటుంబముల యిండ్లను ప్రభుత్వ వ్యయముతో బాగుచేయించిన పథకమును ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు పరిశీలించి 2018 లో ఫలితమును బ్రకటించిరి. పెట్టిన ఖర్చు నిజముగ సమకూడిన యాదాకు సుమారు రెండింతలు. ఇంజనీర్లు ముందుగ వేసిన యంచనా నిజమైన యాదాకు మూడింతలకు పైన. అక్కడ విద్యావంతులైన తనిఖీదారులు, యంత్రములతో గొలతలు దీసి వేసిన యంచనాయే ఇట్లు దప్పినపుడు, ఇక్కడ సంచిలోనుండి ముద్రించిన కాగితము దీసి చదివి వినిపించు వర్తకుని యంచనాను సగమునకు దగ్గించుకొని వినుట యెంతైనను అవసరము.

ఆ దేశముల యనుభవమునుండి దీసికొనరానిదియు నొకటి కలదు. అక్కడి శత్రువు చలి. అక్కడి విద్య ఇంటిని మూసివేయు విద్య. రెండద్దముల కిటికీ పుట్టినది అందుకే. కల్లూరులో ఏ.సీ. లేని యింటిని మూసివేసినచో రాత్రి చల్లగాలి లోనికి రాక, శ్లాబు గ్రక్కిన వేడి బయటికి బోక, ఇల్లు ఆవమువలె నగును. ఏ.సీ. గల గదిలోనైనను కిటికీపైని రెండడుగుల చూరు, పడమటి గోడప్రక్కన నొక వేపచెట్టు చేయు మేలును రెండద్దములు అంత తక్కువ వెలకు చేయజాలవు. ఈ ఖర్చు మాత్రము మన ప్రాంతమున ఏ యింటికిని దగదని మా నిశ్చితాభిప్రాయము.

కూలరునకు ఏప్రిలు, మే నెలల పొడిగాలిలో బ్రయోజనము మెండు. ఏ.సీ. తినునదానిలో నెనిమిదవ వంతో, పదవ వంతో మాత్రమే తినును. తొలకరి పడినది మొదలు అది గదిలో ముక్కవాసన బుట్టించుట తప్ప చేయగలది లేదు. ఏ.సీ. కొననే వలసినచో నక్షత్రములను జూచి కొనుట మంచిదే. అయితే ఆ నక్షత్రములు శాశ్వతములు కావు. 2022 జూలైలో కొలమానమును గఠినతరము చేసినపుడు నిన్నటి ఐదు నక్షత్రముల యంత్రము నేటికి నాలుగు నక్షత్రములదయ్యెను. కావున చీటీమీద నక్షత్రములకంటె ఏడాదికి ఎన్ని యూనిట్లని వ్రాసిన యంకెను జదువవలెను. ఆ యంకె 1,600 గంటల వాడకమునకు గట్టినది. పెండ్లికి వచ్చు చుట్టముల కొరకు ఏడాదికి నలువది దినములు నడపువాడు మూడు నక్షత్రములకు మించి పోనక్కరలేదు.

ఇక కప్పు. మా యుద్దేశమున విచారమంతయు ఇక్కడనుండియే యారంభము కావలెను. కాని గృహస్థులు దీనిని చివరకు వదలుచున్నారు. హైదరాబాదు నగర ప్రాంతమున ఏ.సీ. గల భవనముల కప్పులకు తెల్లని పూత వేయించి కొలతలు దీసిన పరిశోధన యొకటి 2012 లో వెలువడినది. వట్టి కాంక్రీటు కప్పును దెల్లబఱచినందున ఏడాదికి చదరపు మీటరుకు 13, 14 యూనిట్లు మిగిలినవి. చల్లబఱచుటకగు ఖర్చులో నూటికి 10 మొదలు 19 వఱకు తగ్గినది. ఇది మన యెండలో, మన కాంక్రీటుమీద దీసిన కొలత.

పూత వెల చదరపు మీటరుకు 300 రూపాయలనుకొందము. వేయి చదరపుటడుగుల మిద్దెకు 28,000 అగును. కాని ఆ యింట ఏ.సీ. యున్నది ఒక్క పడకగదిలోనే. ఆ గది కప్పు పండ్రెండు చదరపు మీటర్లు. మిగులు ఏడాదికి 156 యూనిట్లు. తొమ్మిది రూపాయల మెట్టున నున్నవానికి 1,400 రూపాయలు. మిద్దెనంతయు బూయించినచో ఆ సొమ్ము రాబట్టుటకు ఇరువదియేండ్లు. పూత యంతకాలము నిలువదు. ఆ గదిమీద మాత్రము పూయించినచో 3,600 రూపాయలు రెండున్నర యేండ్లలో వచ్చును. పరిశోధన జరిగినవి ఇండ్లు గావు, పగలు పనిచేయు భవనములు. రాత్రి పండుకొను నింట మిగులు సగమేయని తగ్గించుకొన్నను ఐదేండ్లకు వచ్చును. తక్కిన మిద్దెకు సున్నమున్నది. జిగురు గలిపిన చిక్కని సున్నపు పూత క్రొత్తలో నెండను వెనుకకు గొట్టుటలో కొనితెచ్చిన పూతకు దీసిపోదు. దాని లోపమొక్కటే: వానకు గరగును, దుమ్ముకు మాసిపోవును, ఏటేట ఫాల్గుణములో మఱల వేయవలెను. ఉగాదికి గోడలకు సున్నము వేయు నాచారము మనకు గలదు. అదే నాడు నిచ్చెన నింకొక పదిమెట్లు పైకి జరుపుట యసాధ్యమా?

మిద్దెకు ఇంతకంటె బలమైన పని, అనగా ఇటుక కంకర, సున్నముల గచ్చు గాని, తెల్ల పలకలు గాని, వేడిని నిలుపు పొర గాని వేయించుట యెపుడు తగును? ఒక శ్లాబు పదునైదిరువదియేండ్లకు గారుట మొదలిడును. ఆ నాడు నీరు దిగకుండ పని చేయింపక తప్పదు. కూలీలు రాకయు, సామాను మోయకయు తప్పదు. ఎట్లును చేయింపవలసిన యా పనిలో తెల్లదనమును, వేడి నిలుపు పొరనుగూడ గలిపినచో అదనముగ బడు ఖర్చు స్వల్పము. ఆ స్వల్పమును మాత్రమే యాదాతో దూచిచూడవలెను. బాగుగనున్న మిద్దెను ఆదా కొఱకని త్రవ్వించి పలకలు వేయించువాడు మొత్తము ఖర్చును యాదాతో దూచుకొనవలసి వచ్చును. వాని తక్కెడ యెన్నటికిని సరిదూగదు. ఫ్రిజ్జు, మోటారు, ఏ.సీ. యన్నింటికిని ఇదే వరుస. పాతది ప్రాణము విడిచిన నాడు మేలైనదానిని దెచ్చుట లాభము. పనిచేయుచున్నదానిని బయట బారవేసి తెచ్చుట, కొన్ని యిండ్లలో దప్ప, ముచ్చట. క్రొత్తగ గట్టువానికి దిక్కు, చూరు, కిటికీల యెదురుబొదురు, మిద్దె తెల్లదనము ఇవన్నియు దాదాపు ఉచితముగ దొరకును. కట్టిన పదియేండ్లకు అవే కావలెనన్నచో ఏ ధరకును దొరకవు.

ఇంతవఱకు సొమ్ము లెక్కయే చెప్పితిమి. సొమ్ములో దేలని లెక్కయు నొకటి గలదు. ఏ.సీ. లేని యింట మిద్దెకు సున్నము వేసినందువలన బిల్లు తగ్గదు. కాని రాత్రి శ్లాబు చల్లగ నుండును; పసిబిడ్డ నిద్రించును; వడదెబ్బకు జడియు ముసలివారు తెల్లవాఱువఱకు మంచముమీద దొరలకుండ నుందురు. దీనికి బెట్టిన సొమ్ము తిరిగి రాదు, రానక్కరలేదు. అయితే దానిని నిద్రకు బెట్టిన ఖర్చని పేరుపెట్టి, చేతిలోనున్నంతలో బెట్టవలెను. తిరిగి వచ్చునను నమ్మికతో అప్పు దెచ్చి పెట్టిన నాడే అది ఆ నిద్రను జెఱచును.

ఇక ముందు విడిచిన మాట. నెలకు 200 లోపల వాడు గృహజ్యోతి కుటుంబమున కెంత యాదా చేసినను దక్కునది లేదు. ఆ యూనిట్ల వెలను చెల్లించుచున్నది ప్రభుత్వ ఖజానా. ఆ యూనిట్లకై సత్తుపల్లి గనులలో బొగ్గు త్రవ్వబడుచున్నది, పాల్వంచ, మణుగూరులలో గాల్పబడుచున్నది. యూనిట్టొకటికి ముప్పాతిక కిలోకు దగ్గఱగ బొగ్గు. కావున ఆ యిండ్లలో రెండు మంచి ఫ్యానులు పెట్టించుట వలన లాభపడునది ఖజానాయే. నెలకు 43 యూనిట్లు, యూనిట్టు నాలుగు రూపాయల చొప్పున 172 రూపాయలు. చలి నెలలు రెండు మూడు తీసివేసినను నాలుగేండ్లలో ఆరువేలు వచ్చును. టోకుగ గొన్న వెల యింకను దగ్గును. 2015 లో ఉజాలా పథకమున ఎల్‌ఈడీ బల్బులను టోకుగ గొన్నందున వాని ధర ఎట్లు దిగివచ్చెనో జనులు మఱచిపోలేదు. ఎవరికి మిగులో వారు పెట్టుబడి పెట్టుట న్యాయము. ప్రభుత్వము బిల్లును మాఫీ చేయుచు, ఆ బిల్లు పెరుగుటకు గారణమైన ఫ్యానును, కప్పును జూడకుండుట, కన్నమున్న కుండలో నీరు పోయుట వంటిది.

ఈ విషయమున తక్షణము చేయదగిన పని యొకటి మా ప్రాంతముననే యున్నది. 2024 మార్చి 11 వ తేదీన భద్రాచలమున ఇందిరమ్మ యిండ్ల పథకము ఆరంభమైనది. ఇంటికి ఐదు లక్షల రూపాయలు, దశలవారీగ నిచ్చుట. ఇల్లు 400 చదరపుటడుగులకు దక్కువ గారాదు. ఆ పరిమాణపు మిద్దెకు చల్లని పూత వేయుటకు పదునొకండువేల రూపాయలు చాలును. సున్నమైనచో దానిలో నొక చిన్న భాగము. రాష్ట్రప్రభుత్వము 2023 ఏప్రిలులో ప్రకటించిన చల్లని కప్పుల విధానమున 600 చదరపు గజములు మొదలుకొని పై స్థలములలోని నివాసములకే పూత తప్పనిసరి చేసి, చిన్న యిండ్లను యజమానుల యిష్టమునకు విడిచినారు. ఆఱువందల గజముల ఇంటివానికి ఏ.సీ. గలదు; ఎండ లోనికి వచ్చినను యంత్రము దానిని బయటికి దోయును. నాలుగువందల యడుగుల వట్టి శ్లాబు క్రింద నుండు కుటుంబమునకు కప్పు దప్ప వేరు దిక్కులేదు. ఇందిరమ్మ యింటి యంచనాలో మిద్దె తెల్లదనమునకు ఒక పద్దును జేర్చి, శ్లాబు దశ సొమ్ము విడుదల చేయునపుడు అధికారులు నిచ్చెన యెక్కి చూచి సంతకము పెట్టునట్లు ఉత్తరువు చేయవలెనని ప్రభుత్వమును గోరుచున్నాము. కల్లూరు రెవెన్యూ డివిజనులో పునాదులు లేచి గోడలు నిలిచిన యిండ్లకు శ్లాబులు పోయుట ముగియకమునుపే ఆ యుత్తరువు రావలెను.